నల్ల ఇసుక – దేశాల రాయబారం



పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపు అంటే పెట్రోమాక్స్ లైట్లు. వాటిని తల మీద పెట్టుకుని మనుషులు వరుసగా నడిచేవారు. ఆ దీపం వెలిగించడం ఒక విద్య. ముందు తెల్లటి గుడ్డసంచి లాంటి మేంటిల్‌ను బర్నరుకు కట్టాలి, దానికి నిప్పంటించాలి. గుడ్డ కాలిపోయి బూడిద గూడు మిగులుతుంది. అప్పుడు పంపు కొడితే ఆ బూడిదే పట్టపగలులా వెలుగుతుంది. చెయ్యి తగిలితే మాత్రం పొడి పొడి అయి రాలిపోతుంది.

ఆ వెలుగు గుడ్డది కాదు. గుడ్డను నానబెట్టిన ఉప్పుది. ఆ ఉప్పు పేరు థోరియం నైట్రేట్. అది వచ్చేది మోనజైట్ అనే ఖనిజం నుంచి. ఆ మోనజైట్ దొరికేది సముద్రపు ఒడ్డు ఇసుకలో. మన గంజాం జిల్లాలో గోపాల్‌పూర్‌కూ ఋషికుల్య మొగకూ మధ్య, మొగలి పొదలూ సరుగుడు తోటలూ ఉన్న తీరంలో, కాలి కింద నల్లగా మెరుస్తుందే, ఆ ఇసుకలో కూడా ఉంది.

ఒకరోజు ఒక కుర్రవాడు ఆ ఇసుక కాస్త కాగితంలో పొట్లం కట్టి బడికి తెచ్చాడు. అయస్కాంతం దగ్గర పెట్టి చూపించి పిల్లల్ని ఆనందపరిచాను. నల్ల గింజల్లో ఎక్కువ భాగం ఇల్మనైట్ అనీ, వాటి మధ్య అక్కడక్కడ తేనె రంగులో ఉండేది మోనజైట్ అనీ, దాన్ని ప్రభుత్వం అనుమతి లేకుండా ఎవరూ అమ్మకూడదనీ చెప్పాను. వాడు సగం ఒడియాలో, సగం తెలుగులో ఒక ప్రశ్న వేశాడు. "మాస్టారూ, ఇసుక మా ఊరిదే కదా. అమ్మాలో అమ్మకూడదో ఢిల్లీవాళ్లు చెప్పడమేమిటి? అమ్మకపోతే పై దేశాలవాళ్లకు కోపమెందుకు?"

వాడికి నేను తరగతిలో అయిదు నిమిషాల్లో చెప్పిన సమాధానం నాకే చాలలేదు. అందుకే ఈవేళ మీతో కాస్త తీరికగా ఆ సంగతి చెప్పుకుందామని వచ్చాను.

పత్రికల్లో మీరు ఒక మాట తరచు చదువుతూ ఉంటారు. ఫలానా దేశం ఖనిజ ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది, ఫలానా దేశం అందుకు ఆందోళన వ్యక్తం చేసింది అని. ఆందోళన అంటే ఏమిటో అందులో రాయరు. నల్ల ఇసుక కథ తెలిస్తే ఆ మాటలో ఏముందో మీకే తెలుస్తుంది.

కథ కొబ్బరి తాడుతో మొదలవుతుంది. ఆ రోజుల్లో తిరువాన్కూరు సంస్థానం నుంచి కొబ్బరి పీచు, తాళ్లు జర్మనీకి వెళ్లేవి. పీచుతోపాటు దానికి అంటుకున్న ఇసుక కూడా ప్రయాణం చేసేది. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆ ఇసుకను పరీక్షించి, అందులో మోనజైట్ ఉందని గ్రహించాడు. తాడు ఎక్కడిదని వెతుక్కుంటూ తిరువాన్కూరు చేరాడు. మనవాళకురిచ్చిలో, ఆ తరువాత చవరలో ఇసుకను వేరుచేసే పని ప్రారంభించాడు. మనవాళకురిచ్చి ఇప్పుడు తమిళనాడులోని కన్యాకుమారి జిల్లాలో ఉంది, చవర కేరళలో ఉంది.

అప్పట్లో యూరప్ నగరాల వీధులన్నీ గ్యాసు దీపాలతో వెలిగేవి. ఆ దీపాలకు మేంటిల్ కావాలి. మేంటిల్‌కు థోరియం కావాలి. ఆస్ట్రియా శాస్త్రవేత్త అవుయెర్ కనిపెట్టిన ఈ వ్యాపారంలో జర్మన్ కంపెనీలదే పైచెయ్యి. అంతకుముందు వారికి ఇసుక బ్రెజిల్ తీరం నుంచి వచ్చేది. తిరువాన్కూరు ఇసుకలో థోరియం పాలు ఇంకా ఎక్కువ. ఇక చూడండి. ఇసుక ఉన్నది బ్రిటిష్ చక్రవర్తి ఛత్రం కింద ఉన్న సంస్థానంలో. లాభం పోతున్నది జర్మనీకి. లండనుకు ఇది కంటగింపు కాకుండా ఎలా ఉంటుంది? 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. షోంబర్గును జర్మన్ గూఢచారి అని పట్టుకున్నారు. అతని కర్మాగారం మూతపడింది. పని లండన్ కంపెనీ చేతికి వెళ్లింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అది దీపాల కోసం వాడే ఇసుకే. అయినా కొనేవాడికి దాని మీద అవసరం ఏర్పడేసరికి, ఆ ఇసుక ఎవరి అదుపులో ఉందన్నది రాజ్యాల వ్యవహారం అయిపోయింది. మట్టికి ధర రానంతకాలం అది మట్టే. ధర వచ్చిన మరునాడే గుమ్మం దగ్గర రాయబారులు నిలబడతారు.

తరువాత వీధుల్లోకి విద్యుద్దీపాలు వచ్చాయి. గ్యాసు దీపాలు వెనకబడ్డాయి, థోరియానికి గిరాకీ తగ్గింది. అయితే మోనజైట్‌లో థోరియం ఒక్కటే కాదు, సీరియం, లాంథనం, నియోడిమియం వంటి అరుదైన మూలకాలు కూడా ఉంటాయి. సిగరెట్ లైటర్‌లో నిప్పురవ్వ రాల్చే చెకుముకి ముక్కలో సీరియం ఉంటుంది. పాత సినిమా హాళ్లలో ప్రొజెక్టరులో కార్బన్ కడ్డీలు మండించేవారు కదా, ఆ కడ్డీల మధ్య కూడా ఈ మూలకాల లవణాలనే కూరేవారు. యుద్ధంలో ఆకాశం మీదికి వేసే సెర్చిలైట్లలోనూ అవే కడ్డీలు.

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకిల మీద అణుబాంబులు పడ్డాయి. దాంతో లెక్క మారిపోయింది. థోరియం తనంతట తాను బాంబుగాదు. కాని రియాక్టరులో పెడితే అది యురేనియం 233 అనే ఇంధనంగా మారుతుంది. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. అందుకే యుద్ధం ముగియకముందే, 1944 జూన్‌లో, అమెరికా, బ్రిటన్ కలిసి ప్రపంచంలోని యురేనియం, థోరియం నిల్వలను తమ చేతికి తెచ్చుకోవడానికి ఒక ఉమ్మడి సంస్థ ఏర్పాటు చేసుకున్నాయి. వారి పటంలో తిరువాన్కూరు తీరం ముఖ్యమైన చుక్క.

తిరువాన్కూరు దివాను సర్ సి.పి. రామస్వామి అయ్యరుకు ఈ విలువ బాగా తెలుసు. 1946లో ఆయన మోనజైట్ ఎగుమతి ఆపించారు. ఊరికే మట్టిగా పంపం, మా దగ్గరే శుద్ధిచేసే కర్మాగారం పెట్టండి, అప్పుడు చూద్దాం అన్నారు. 1947 మొదట్లో బ్రిటన్‌తో ఒక ఒప్పందం కుదిరింది. మూడు సంవత్సరాల్లో 9,000 టన్నుల మోనజైట్ ఇవ్వాలి, బదులుగా తిరువాన్కూరులో థోరియం కర్మాగారానికి బ్రిటన్ తోడ్పడాలి.

అదే సమయంలో దేశం స్వాతంత్ర్యం వైపు అడుగులు వేస్తోంది. 1947 జూన్‌లో, బ్రిటిష్‌వారు వెళ్లగానే తిరువాన్కూరు స్వతంత్ర రాజ్యంగా ఉంటుందని దివాను ప్రకటించారు. ఆ ధీమా వెనుక ఇసుక కూడా ఉందని ఢిల్లీలో అందరికీ తెలుసు. జూలై చివర ఆయన మీద హత్యాయత్నం జరిగింది, ఆ వెంటనే సంస్థానం భారతదేశంలో చేరడానికి ఒప్పుకుంది. 1948లో అణుశక్తి చట్టం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో హోమీ భాభా అధ్యక్షుడుగా అణుశక్తి సంఘం ఏర్పడింది. మోనజైట్ అమ్మకం ఇక ఒక దివాను ఇష్టంమీదా, ఒక వర్తకుడి ఇష్టంమీదా ఉండదు, కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. 1950 ఆగస్టులో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ పుట్టింది. ఫ్రెంచి కంపెనీ సాంకేతిక సహాయంతో కేరళలోని ఆల్వాయిలో కర్మాగారం కట్టారు. 1952 డిసెంబర్ 24న నెహ్రూగారు దాన్ని ప్రారంభించారు.

అసలు పరీక్ష ఆ కర్మాగారం లేవకముందే వచ్చింది.

1950లో దేశానికి గడ్డురోజులు. ఒకచోట అనావృష్టి, ఒకచోట వరదలు, అస్సాంలో పెద్ద భూకంపం. బీహారులోనూ, మద్రాసు రాష్ట్రంలోనూ తిండిగింజలకు కటకట. రేషను తగ్గించవలసి వచ్చింది. భారతదేశం అమెరికాను ఇరవై లక్షల టన్నుల ధాన్యం అడిగింది. అధ్యక్షుడు ట్రూమన్ సుముఖంగానే ఉన్నారు. కాని అమెరికా కాంగ్రెసులో నెలల తరబడి చర్చ నడిచింది. కొరియా యుద్ధంలో భారత్ మాతో గొంతు కలపలేదు గదా అన్నారు కొందరు. మేం గోధుమలిస్తే వాళ్లు మోనజైట్ ఇవ్వాలి, మాంగనీసు ఇవ్వాలి అన్నారు మరికొందరు.

శ్రోతలారా, ఒక్క క్షణం ఆ కుర్చీలో మిమ్మల్ని మీరు కూర్చోబెట్టుకుని చూడండి. ఒకవైపు ఆకలితో ఉన్న జనం. మరొకవైపు పునాది రాళ్లు పడుతున్న కొత్త దేశపు మాట విలువ. ఇసుకేగా, ఇచ్చేస్తే పోదా అనే మనిషి కూడా తప్పు మాట్లాడినట్టు కాదు. పిల్లవాడు ఆకలికి ఏడుస్తుంటే పుస్తెలు తాకట్టు పెట్టిన తల్లులు మన ఇళ్లలోనే ఉన్నారు. నెహ్రూగారు మాత్రం, సహాయానికి కృతజ్ఞులమే గాని రాజకీయ షరతులకు తలవంచబోమని రేడియోలో దేశానికి చెప్పారు. ఈలోగా చైనా, సోవియట్ యూనియన్ కూడా కొంత ధాన్యం పంపాయి. చివరకు 1951 జూన్ 15న ట్రూమన్ సంతకం చేశారు. 19 కోట్ల డాలర్ల అప్పు మంజూరయింది. అప్పు తీర్చడంలో కొన్ని ముడిపదార్థాలు తీసుకునే వీలు చట్టంలో ఉంచారు. కాని మోనజైట్ ఇచ్చి తీరాలనే షరతు మాత్రం లేకపోయింది. గోధుమ వచ్చింది, ఇసుక నిలిచింది.

ఇదే బేరం మరో దేశంలో మరోలా ముగిసింది. బ్రెజిల్ కూడా 1951లో అణుఖనిజాల ఎగుమతిని ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. కాని 1954లో లక్ష టన్నుల అమెరికా గోధుమలకు బదులుగా మోనజైట్ ఇచ్చే ఒప్పందం చేసుకుంది. దాని మీద అక్కడ పెద్ద గొడవ జరిగింది, 1956లో పార్లమెంటు విచారణ కూడా వేశారు. బ్రెజిల్‌వారు తెలివితక్కువవాళ్లని నేననడంలేదు. పేదరికంలో ఉన్న దేశానికి ఖనిజం మీద అదుపు ఉండడం ఒక ఎత్తు, ఆ అదుపును నిలబెట్టుకోవడం మరొక ఎత్తు అని చెప్పడానికే ఈ మాట.

మనకూ రెండో పరీక్ష తప్పలేదు. 1953లో ఇండియన్ రేర్ ఎర్త్స్ నుంచి సుమారు ఒక టన్ను థోరియం నైట్రేట్ పోలండ్ ఓడలో చైనాకు బయలుదేరింది. మనవాళ్ల దృష్టిలో అది మామూలు వ్యాపారం. కాని అమెరికాలో 1951 నాటి చట్టం ఒకటి ఉంది. కమ్యూనిస్టు దేశాలకు ఇటువంటి సరుకు పంపిన దేశానికి అమెరికా సహాయం ఆపివేయాలన్నది ఆ చట్టం. సరుకు టన్నే, కాని కోట్ల డాలర్ల సహాయం దాని మీద వేలాడింది. మీ చట్టం మీకు, మా వ్యాపారం మాది, దాన్ని మేమెందుకు ఒప్పుకోవాలి అన్నది ఢిల్లీ వాదన. మా చట్టాన్ని మేమెలా తప్పుతాం అన్నది వాషింగ్టన్ వాదన. రెండువైపులా రాయబారులు చెమటోడ్చి ఒక దారి కనిపెట్టారు. తెలిసి తెలిసి అనుమతించినప్పుడే చట్టం వర్తిస్తుందనే మాట పట్టుకుని సహాయం ఆపకుండా సర్దుకున్నారు. ఆ తరువాత మన థోరియం నైట్రేట్‌ను అమెరికాయే కొనడానికి ముందుకు వచ్చింది. పోట్లాడినవాడే చివరకు ఖాతాదారు అయ్యాడన్నమాట.

ఇంతవరకు వింటే, అదుపు చేసినవాడిదే గెలుపు అనిపిస్తుంది. ఉపాధ్యాయుడిగా రెండోవైపు కూడా చెప్పకపోతే తప్పవుతుంది.

మన ఇసుక ఆగిపోయిందని కొనుగోలుదారులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. దక్షిణాఫ్రికాలో స్టీన్‌కాంప్స్‌క్రాల్ అనే చోట మోనజైట్ గని తెరిచారు. 1950లలో అది ప్రపంచంలోనే ముఖ్యమైన గని. అమెరికావాళ్లు తమ నేలలోనూ వెతుక్కున్నారు. మనం గట్టిగా పట్టుకున్నది నిలిచింది నిజమే. కాని పట్టుకున్నదానితో ఏం తయారు చేశాం? థోరియం నిల్వ చేశాం, ఉప్పులు తయారు చేశాం. మేంటిళ్లు వెలిగాయి. అరుదైన మూలకాలను విడివిడిగా తీసి, లోహంగా మార్చి, అయస్కాంతాలుగా, యంత్రభాగాలుగా చేసే పని మాత్రం వేరే దేశాల్లో పెరిగింది.

ఆ పని పెంచుకున్న దేశం చైనా. 2010లో చైనా ఈ మూలకాల ఎగుమతి కోటాను ఒక్కసారిగా తగ్గించింది. అదే ఏడాది సెప్టెంబరులో జపానుతో ఒక చేపల పడవ విషయంలో తగాదా వచ్చింది, జపానుకు సరుకు రావడం నిలిచిపోయింది. ధరలు ఆకాశానికి ఎక్కాయి. 2012లో అమెరికా, జపాన్, యూరప్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. పర్యావరణాన్ని, సహజ సంపదను కాపాడుకోవడానికే ఈ కోటాలు అంది చైనా. అలాగైతే నీ దేశంలోని ఫ్యాక్టరీలకు కూడా అంతే కొలత పెట్టాలిగదా అన్నారు వాళ్లు. 2014లో తీర్పు చైనాకు వ్యతిరేకంగా వచ్చింది. 2015లో చైనా కోటాలు, ఎగుమతి సుంకాలు ఎత్తివేసింది. అయినా అదుపు పోలేదు. 2025 ఏప్రిల్‌లో ఏడు మూలకాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. కార్ల కంపెనీలు అయస్కాంతాలు అందక తల్లడిల్లాయి. అక్టోబరులో ఇంకా గట్టి నిబంధనలు ప్రకటించి, అమెరికాతో మాటలు జరిగాక నవంబరులో వాటిని ఒక ఏడాదిపాటు పక్కన పెట్టింది.

ఎందుకింత బలం? మట్టి ఒక్క చైనాలోనే ఉందా? లేదు. ఇసుక మన దగ్గరా ఉంది. ప్రపంచంలో ఈ మూలకాలను శుద్ధిచేసే పనిలో దాదాపు పదింట తొమ్మిది పాళ్లు చైనాలో జరుగుతోంది. బలం అక్కడుంది. బియ్యం ఎవరింట్లోనైనా ఉండవచ్చు. ఊరంతటికీ మర ఒక్కటే ఉంటే, అందరూ మరవాడి మొహం చూడవలసిందే.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. ఛత్రపురం దగ్గర ఇండియన్ రేర్ ఎర్త్స్ వారి ఇసుక ఖనిజాల కర్మాగారం 1980లలో మొదలైంది. మోనజైట్ నుంచి అరుదైన మూలకాల మిశ్రమాన్ని తీసే విభాగం తరువాత వచ్చింది. ఆ మిశ్రమాన్ని ఆల్వాయిలో విడదీస్తారు. మన తెలుగువారికి ఇంకో సంబంధం కూడా ఉంది. దేశంలో మోనజైట్ నిల్వలు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, ఒడిశా తీరాల్లోనే. శ్రీకాకుళం జిల్లా భావనపాడు, కళింగపట్నం, విశాఖ దగ్గర భీమునిపట్నం, ఇటు మన గంజాం, అన్నీ ఒకే తీరపు మెట్లు. 1936లో ఒడిశా ఏర్పడ్డాక గంజాం ఒక రాష్ట్రంలో, శ్రీకాకుళం మరో రాష్ట్రంలో పడ్డాయి. సముద్రం మాత్రం ఆ గీత చూసి ఇసుక పంచలేదు.

2010 దెబ్బ తిన్న జపాన్ కొత్త దారులు వెతుక్కుంటూ విశాఖపట్నానికి వచ్చింది. 2012లో భారత్, జపాన్ మధ్య ఒప్పందం కుదిరింది. విశాఖలోని జపాన్ కంపెనీ యూనిట్ మన సంస్థ ఇచ్చే పదార్థాన్ని శుద్ధిచేసి జపాన్ పంపేది. 2018లో కేంద్ర ప్రభుత్వం తీరపు ఇసుక ఖనిజాల ఎగుమతి మొత్తం ఇండియన్ రేర్ ఎర్త్స్ ద్వారానే జరగాలని ఉత్తర్వు ఇచ్చింది. 2023లో విశాఖలో అయస్కాంతాల తయారీ యూనిట్‌ను ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. 2025లో చైనా బిగించాక, జపానుకు పంపడం ఆపి దేశంలోని అవసరాలకే దాచమని మన ప్రభుత్వం సంస్థకు సూచించిందని వార్తా సంస్థలు రాశాయి. చూశారా, చక్రం ఎలా తిరిగిందో. ఒకప్పుడు చైనాకు మనం టన్ను పంపామని అమెరికా ఆందోళన. ఇప్పుడు చైనా పంపడంలేదని అందరి ఆందోళన. జపాన్ మనకు మిత్రదేశం. మిత్రుడికి ఇవ్వకుండా ఇంట్లో దాచుకోవడం అంత తేలిక మాట కాదు. నిన్న మనం చైనాను ఏ మాట అన్నామో, రేపు మన మిత్రులు మనను ఆ మాట అనకూడదుగదా.

అందుచేత ఆ కుర్రవాడి ప్రశ్నకు నా సమాధానం మూడు మాటల్లో చెప్పి ముగిస్తాను.

మొదటిది, అదుపు అవసరమే. రేడియోధార్మికత ఉన్న ఖనిజాన్ని, అణు ఇంధనం కాగల ఖనిజాన్ని, ఎవరికి వారు బస్తాలకెత్తి అమ్ముకోనివ్వడం ఏ దేశానికీ కుదరదు. 1951లో ఆకలి వేళ కూడా ఆ అదుపును వదలకపోవడం వల్లే ఈవేళ ఆ ఇసుక గురించి నిర్ణయం మన చేతిలో ఉంది.

రెండోది, అదుపు అంటే తాళం ఒక్కటే కాదు. తాళం వేసిన గాదెలో ధాన్యం పుచ్చిపోతే తాళంచెవి మొలకు కట్టుకున్నవాడికి ఒరిగేదేమీ లేదు. వేరుచేయడం, శుద్ధిచేయడం, వస్తువు చేయడం మన పిల్లలు నేర్చుకోవాలి. 1946లో తిరువాన్కూరు దివాను అడిగింది కూడా అదే, మట్టి కాదు, కర్మాగారం.

మూడోది, ఇది నేను ఇంకా గట్టిగా చెప్పదలచుకున్నది. ఢిల్లీ, టోక్యో, వాషింగ్టన్, బీజింగ్, ఇంతమంది మాట్లాడుకునే ఈ విషయంలో మాట్లాడనివాడు ఒకడున్నాడు. వాడు తీరంలో మొగలి పూలు కోసుకుని అత్తరు బట్టీలకు అమ్ముకునేవాడు, పడవ లాగేవాడు, సరుగుడు పుల్లలు ఏరుకునేవాడు. ఇసుక తవ్విన చోట మళ్లీ చెట్టు మొలవాలి. ఋషికుల్య మొగలో గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లకు దారి ఉండాలి. భూమి ఇచ్చిన ఇంట్లో పిల్లవాడికి చదువు, ఆ చదువుకు తగ్గ పని ఉండాలి. దేశానికి ఖనిజం మీద హక్కు ఉందని పై దేశాలతో వాదించే నోటితోనే, ఆ నేల మీద బతికేవాడికి కూడా హక్కుందని ఒప్పుకోవాలి. అప్పుడే మొదటి వాదనకు బలం.

ఆ పొట్లం ఇంకా నా బీరువాలో ఉంది. ఇచ్చిన కుర్రవాడు ఇప్పుడు పై తరగతిలో రసాయన శాస్త్రం చదువుకుంటున్నాడు. ఇసుకలోంచి నూనె తీయవచ్చునో లేదో గాని, ఇసుకలోంచి దీపం తీయవచ్చునని మన పెళ్లి ఊరేగింపులు చూపించాయి. ఆ దీపం ఎవరింట్లో వెలగాలన్నదే ఇంతకాలంగా నడుస్తున్న రాయబారం. మీ ఇంట్లో పిల్లలు ఈసారి సముద్రపు ఒడ్డున నల్ల ఇసుకతో ఆడుకుంటుంటే, కాళ్లు దులుపుకుని రమ్మనే ముందు ఈ కథ ఒకసారి చెప్పండి.